పతకం నుంచి చట్టం దాకా: హైదరాబాద్‌లో హరిత భవన ప్రమాణాల చరిత్ర

2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాద్‌లోని కొత్తగూడ ప్రాంతంలో ఒక భవనాన్ని ప్రారంభించారు. చూడటానికి అది పెద్ద భవనం కాదు. విస్తీర్ణం సుమారు 20 వేల చదరపు అడుగులు, అంటే ఈనాటి ఒక మోస్తరు ఫంక్షన్ హాలుకు సమానం. దాని పేరు సి.ఐ.ఐ.–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. అమెరికాలో రూపొందిన ‘లీడ్’ అనే రేటింగులో అత్యున్నతమైన ప్లాటినం స్థాయిని ఆ దేశం వెలుపల మొదట అందుకున్న భవనం ఇదే. మొత్తం 69 పాయింట్లకు దీనికి 56 వచ్చాయి. ఆ సమయానికి ప్రపంచంలో మరే భవనానికీ అన్ని పాయింట్లు రాలేదు.

హైదరాబాద్ చరిత్ర చదివేటప్పుడు చార్మినార్, ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం మీకు తరచూ ఎదురవుతాయి. ఈ చిన్న భవనం పేరు అరుదుగానే వినిపిస్తుంది. అయినా గత ఇరవై ఏళ్లలో మన నగరాల్లో భవనాలు ఎలా కట్టాలి, వాటిలో కరెంటు ఎంత ఖర్చు కావచ్చు అన్న చర్చకు ఇదొక మూలం. ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఒక్కటే: భవనానికి ‘హరిత’ అనే గుర్తింపు ఇచ్చినంత మాత్రాన దానిలో కరెంటు వాడకం, దానివల్ల గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడ్ నిజంగా తగ్గాయా? తగ్గితే ఎక్కడ తగ్గాయి? తగ్గకపోతే ఎందుకు తగ్గలేదు?

ప్రమాణాల పుట్టుక

భవనాలకు ఇంధన ప్రమాణాలు పర్యావరణం మీద ప్రేమతో పుట్టాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టాయి. కొన్ని నెలల్లోనే పీపా చమురు ధర 3 డాలర్ల నుంచి దాదాపు 12 డాలర్లకు చేరింది. చమురుతో ఇళ్లు వెచ్చబరచుకునే దేశాలు కంగారుపడ్డాయి. అమెరికాలోని ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంఘం ‘ఆష్రే’ 1975లో కొత్త భవనాల ఇంధన వాడకానికి ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1974లో ప్రత్యేక చట్టం చేసి, 1978 నాటికి భవనాలకు తప్పనిసరి నిబంధనలు తెచ్చింది. అప్పట్లో భూతాపం గురించి సామాన్య ప్రజల్లో చర్చే లేదు. సమస్యల్లా చమురు దిగుమతి, దాని ఖర్చు.

ఇది ఒక పాయ. రెండో పాయ 1990లలో మొదలైంది. 1990లో బ్రిటన్‌లో ‘బ్రీమ్’ అనే మదింపు పద్ధతి వచ్చింది. 1992లో రియో డి జనీరోలో ధరిత్రి సదస్సు జరిగింది. 1993లో అమెరికా హరిత భవన మండలి ఏర్పడి, ఆ దశాబ్దం చివరలో ‘లీడ్’ను తయారు చేసింది. ఇవి చట్టాలు కావు. ఇష్టమున్న యజమాని దరఖాస్తు చేసుకుంటాడు, ఫీజు కడతాడు, పాయింట్లు తెచ్చుకుంటాడు.

ఈ రెండు పాయల మధ్య తేడా మీకు స్పష్టంగా తెలియాలి. నియమావళి అంటే పరీక్షలో పాస్ మార్కు లాంటిది. అంతకన్నా తక్కువ తెచ్చుకుంటే కుదరదు. రేటింగ్ అంటే పతకం లాంటిది. బాగా చదివినవాడికే దక్కుతుంది, మిగిలినవాళ్లను అది ఏమీ అడగదు. వార్తాపత్రికల్లో ఈ రెండింటినీ కలిపి ‘గ్రీన్ బిల్డింగ్’ అనే ఒకే మాటతో చెప్పేస్తుంటారు. చరిత్ర విద్యార్థులు మాత్రం వీటిని విడదీసి చూడాలి. హైదరాబాద్‌లో మొదట వచ్చింది పతకం. పాస్ మార్కు పదేళ్ల తర్వాత వచ్చింది.

హైదరాబాదే ఎందుకు?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్ గుట్టల మధ్య కొత్త రకం భవనాలు లేచాయి. నేల నుంచి పైకప్పు దాకా అద్దాలు, లోపల రాత్రింబవళ్లు నడిచే ఎయిర్ కండిషనర్లు, వందలాది కంప్యూటర్లు వీటి లక్షణాలు. చలిదేశాల్లో గోడకు అద్దం పెడితే ఎండ లోపలికి వచ్చి గది వెచ్చబడుతుంది. అక్కడ అది వరం. దక్కన్ పీఠభూమి మీద మే నెలలో అదే అద్దం పెడితే ఎండ లోపలికి వస్తుంది, బయటికి పోదు. ఆ వేడిని తోడిపోయడానికి కరెంటు కావాలి. మన దేశంలో ఆ కరెంటులో అధిక భాగం బొగ్గు నుంచి వస్తుంది. భవనాలకూ ఉద్గారాలకూ ఉన్న లంకె ఇదే. ఇటుక గోడ పొగ వదలదు. ఆ గోడ లోపలి చల్లదనం కోసం రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు మండుతుంది.

1970లో వెలువడిన జాతీయ భవన నియమావళి ప్రధానంగా నిర్మాణ భద్రత, అగ్నిప్రమాదాల నివారణ, ఆరోగ్యం గురించి చెప్పింది. కరెంటు పొదుపు అప్పటి సమస్య కాదు. అసలు కరెంటు ఉన్న ఇళ్లే తక్కువ. కాబట్టి 2000 నాటికి అద్దాల భవనం కట్టేవారిని అడ్డుకునే నిబంధన ఏదీ లేదు.

ఈ నేపథ్యంలో భారత పరిశ్రమల సమాఖ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, గోద్రెజ్ సంస్థ కలిసి గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను తలపెట్టాయి. అమెరికా అభివృద్ధి సంస్థ యు.ఎస్.ఎయిడ్ సాంకేతిక సహకారం అందించింది. 2001లో ఏర్పడిన భారతీయ హరిత భవన మండలికీ హైదరాబాదే కేంద్రమైంది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. ఆయన రూపకల్పనలో కొత్త యంత్రాల కన్నా పాత ఊహలే ఎక్కువ కనిపిస్తాయి. భవనం గుండ్రంగా ఉండి మధ్యలో ముంగిలి ఉంటుంది. మండువా ఇంట్లో పెరిగినవారికి ఆ వెలుతురు కొత్త కాదు. బయటి గాలిని ముందుగా చల్లబరచి లోపలికి పంపే రెండు గాలి బురుజులు ఉన్నాయి. ఎండను విరగగొట్టి వెలుగును మాత్రం రానిచ్చే జాలీ గోడలు ఉన్నాయి. పైకప్పులో సగానికి పైగా మట్టి పరచి మొక్కలు పెంచారు. మిగిలిన చోట సుమారు 24 కిలోవాట్ల సౌర ఫలకాలు అమర్చారు. వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధిచేసి మళ్లీ తోటకు వాడతారు. ఆ విస్తీర్ణం గల మామూలు భవనంతో పోలిస్తే కరెంటు ఖర్చు సగానికి పైగా తగ్గుతుందని నిర్మాతలు ప్రకటించారు.

ఇందులో మెచ్చుకోదగిన విషయం ఒకటుంది. ఈ భవనం పేదదో గొప్పదో అని కాకుండా, వేడి ఎటు నుంచి వస్తుంది అన్న ప్రశ్నతో మొదలైంది. దీని తర్వాత దేశంలో ‘హరిత’ రేటింగు కోరిన కార్పొరేట్ భవనాల్లో చాలావరకు ఆ ప్రశ్న వెనక్కి పోయి, పాయింట్లు ఎలా వస్తాయన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

పాయింట్ల లెక్క

లీడ్ తొలి రూపాల్లో 69 పాయింట్లకు గాను ఇంధన విభాగానికి 17 ఉండేవి. మిగిలినవి స్థలం ఎంపిక, నీరు, నిర్మాణ సామగ్రి, లోపలి గాలి నాణ్యత వంటి వాటికి. సైకిళ్లు నిలుపుకోవడానికి చోటు చూపిస్తే ఒక పాయింటు. అది మంచి పనే, కాదనలేం. కానీ 44 డిగ్రీల ఎండలో సైకిలు తొక్కి హైటెక్ సిటీకి వచ్చేవారు ఎందరు? పాయింట్ల పట్టికలో వేటికైనా విలువ ఒకటే కావడంతో, తేలికగా దొరికేవాటిని ముందు ఏరుకునే అలవాటు ఏర్పడింది.

అంతకన్నా పెద్ద సమస్య మరొకటి. ఇంధన పాయింట్లు భవనం నడిచాక మీటరు చూసి ఇచ్చినవి కావు. కట్టకముందే కంప్యూటరులో ఒక నమూనా భవనాన్ని తయారు చేసి, దానితో పోల్చి, ఇంత శాతం ఆదా అవుతుందని లెక్కకట్టి ఇచ్చినవి. అంటే పరీక్ష రాయకముందే, చదువుకునే ప్రణాళికను చూసి మార్కులు వేయడం లాంటిది.

ఈ లోపం అమెరికాలోనే బయటపడింది. 2008లో అక్కడి న్యూ బిల్డింగ్స్ ఇన్‌స్టిట్యూట్ 121 లీడ్ భవనాల అసలు బిల్లులను పరిశీలించింది. సగటున అవి దేశంలోని సాధారణ భవనాల కన్నా 24 శాతం తక్కువ ఇంధనం వాడుతున్నాయని తేలింది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సగటు వెనుక చాలా ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. మరుసటి ఏడాది కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన గై న్యూషమ్, ఆయన సహచరులు అదే సమాచారాన్ని తిరిగి విశ్లేషించారు. చదరపు అడుగుకు సగటు వాడకం 18 నుంచి 39 శాతం తక్కువే ఉంది. అయితే 28 నుంచి 35 శాతం లీడ్ భవనాలు తమతో పోల్చదగిన మామూలు భవనాల కన్నా ఎక్కువ ఇంధనం వాడుతున్నాయి. ధ్రువీకరణ స్థాయికీ అసలు వాడకానికీ మధ్య చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదు. ఓబర్లిన్ కళాశాల భౌతికశాస్త్ర ఆచార్యుడు జాన్ స్కోఫీల్డ్ మరో మెట్టు ముందుకు వెళ్లాడు. విద్యుత్ కేంద్రంలో మండిన ఇంధనం దాకా లెక్కవేసి, పెద్ద భవనాలకు తగిన బరువు ఇస్తే, మొత్తం మీద ఆదా ఏమీ లేదని వాదించాడు.

ఈ అంకెలు చదివి హరిత భవనాలన్నీ బూటకమని తీర్మానించుకోకండి. ఆ పరిశోధనలు చెప్పింది అది కాదు. మంచి భవనాలు నిజంగానే మంచివి. కానీ గోడకు తగిలించిన పత్రం చూసి ఏది మంచిదో, ఏది కాదో చెప్పలేమన్నదే వాటి సారాంశం. మూడింట ఒక భవనం విషయంలో పత్రం తప్పుదోవ పట్టిస్తే, ఆ పత్రాన్ని ఆధారం చేసుకుని పన్ను రాయితీలూ అదనపు అంతస్తుల అనుమతులూ ఇచ్చే ప్రభుత్వం తన సొమ్మును ఎక్కడ పెడుతున్నట్టు?

చట్టం వచ్చిన దారి

మన దేశంలో చట్టం పాయ 2001లో మొదలైంది. ఆ ఏడాది పార్లమెంటు ఇంధన పరిరక్షణ చట్టం చేసింది. 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద నక్షత్రాల గుర్తు అంటించే సంస్థ ఇదే. 2007 మేలో ఈ బ్యూరో పెద్ద వాణిజ్య భవనాల కోసం ఇంధన పరిరక్షణ భవన నియమావళిని విడుదల చేసింది. దీన్ని పొడి అక్షరాల్లో ఇ.సి.బి.సి. అంటారు.

ఈ నియమావళి సైకిళ్ల గురించి మాట్లాడదు. పైకప్పు గుండా ఎంత వేడి దిగవచ్చు, అద్దం ఎంత ఎండను లోపలికి వదలవచ్చు, చదరపు మీటరుకు ఎన్ని వాట్ల దీపాలు పెట్టవచ్చు, చల్లబరచే యంత్రం ఎంత సమర్థంగా ఉండాలి అని మాత్రమే అడుగుతుంది. వాతావరణాన్ని బట్టి దేశాన్ని మండలాలుగా విభజించింది. హైదరాబాద్ మిశ్రమ వాతావరణ మండలంలో, విశాఖపట్నం వేడి–తేమ మండలంలో ఉన్నాయి. 2007 నియమావళి ప్రకారం పగటిపూట మాత్రమే వాడే భవనంలో, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు పైకప్పు చదరపు మీటరుకు 0.409 వాట్ల కన్నా ఎక్కువ వేడి దిగకూడదు. ఏ రక్షణ పొరా లేని కాంక్రీటు శ్లాబు ఇంతకు ఎన్నో రెట్లు వేడిని దింపుతుంది. గోడ విస్తీర్ణంలో కిటికీల వాటా 60 శాతం దాటకూడదని కూడా అప్పుడు నిర్ణయించారు. 2017లో సవరించినప్పుడు దాన్ని 40 శాతానికి తగ్గించారు. కొత్త నియమావళిని పాటిస్తే సాధారణ భవనం కన్నా కనీసం 25 శాతం ఆదా అవుతుందని బ్యూరో అంచనా.

మరి 2007లోనే నియమావళి వస్తే, ఆ తర్వాత కూడా అద్దాల భవనాలు ఎలా లేచాయి? దీనికి జవాబు మన సమాఖ్య వ్యవస్థలో ఉంది. నియమావళిని రాసేది కేంద్రం. దాన్ని స్థానిక పరిస్థితులకు తగ్గట్టు మార్చుకుని నోటిఫై చేయాల్సింది రాష్ట్రం. ప్లానును ఆమోదించాల్సింది మునిసిపాలిటీ. ఈ మూడు మెట్లూ దిగితే గాని మేస్త్రీ చేతికి చేరదు. పైగా మొదట్లో 500 కిలోవాట్లకు మించిన కరెంటు లోడు ఉన్న భవనాలకే చట్టం వర్తించేది. 2010 సవరణ దాన్ని 100 కిలోవాట్లకు దించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో నియమావళిని తప్పనిసరి చేసింది. దీని తయారీలో హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ పాలుపంచుకుంది. రాష్ట్రం ఇక్కడ ఒక తెలివైన మార్పు చేసింది. కరెంటు లోడు భవనం కట్టాక గాని తేలదు, కానీ స్థలం కొలత ప్లానులోనే ఉంటుంది. అందుకని 1,000 చదరపు మీటర్లు లేదా అంతకు మించిన స్థలంలో, లేదా 2,000 చదరపు మీటర్లకు తగ్గకుండా కట్టే వాణిజ్య భవనాలకు నియమావళి వర్తిస్తుందని చెప్పింది. మల్టీప్లెక్సులు, ఆసుపత్రులు, హోటళ్లు, కన్వెన్షన్ కేంద్రాలకు విస్తీర్ణంతో పని లేకుండా వర్తింపజేసింది. అయిదు నెలలు తిరగకముందే, జూన్ 2న రాష్ట్రం రెండైంది. రెండు ప్రభుత్వాలకూ ఈ నియమావళి వారసత్వంగా వచ్చింది. ఆస్తులు, అప్పులు, నదీజలాల పంపకాల గురించి మీరు ఎంతో చదివి ఉంటారు. ఏ వివాదమూ లేకుండా ఇద్దరికీ సంక్రమించిన కొద్ది వాటిలో ఇదొకటి కావడం గమనించదగినది.

కొలిచి చూసిన రెండు సందర్భాలు

అంచనాలు పక్కనపెట్టి, నిజంగా మీటరు పెట్టి కొలిచిన రెండు ఉదాహరణలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

మొదటిది పైకప్పు రంగుది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి నగర పరిధిలోని రెండు వాణిజ్య భవనాల మీద తెల్లటి పూత వేసి, ముందూ వెనుకా కరెంటు వాడకాన్ని కొలిచారు. ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి. అంతకుముందు నల్లగా ఉన్న పైకప్పుకు తెలుపు వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు ఆదా అయ్యాయి. చల్లబరచడానికి అయ్యే కరెంటులో ఇది 14 నుంచి 26 శాతం. మామూలు కాంక్రీటు పైకప్పు అయితే ఆదా 13–14 యూనిట్లు. ఉద్గారాల తగ్గుదల చదరపు మీటరుకు ఏటా 11–12 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వారు లెక్కగట్టారు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద లెక్కవేసుకోండి: ఏటా ఒక టన్నుకు పైగా. వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టించే అలవాటు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఆ అలవాటుకు యూనిట్లలో విలువ కట్టడమే ఈ పరిశోధన చేసిన మేలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినప్పుడు ఇలాంటి కొలతలే దానికి బలం.

రెండోది పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలోది. 2011 ప్రాంతంలో అక్కడ సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనం కట్టారు. దాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేశారు. గోడలు, కిటికీలు, పనిచేసే వేళలు రెండింటికీ ఒకటే. ఒక భాగానికి మామూలుగా చల్లగాలిని వీచే ఎయిర్ కండిషనింగ్ పెట్టారు. అదీ అప్పట్లో దొరికే మేలైన రకమే. రెండో భాగంలో శ్లాబులోనే గొట్టాలు పరచి వాటి గుండా చల్లని నీరు పారించారు. కప్పే చల్లబడి గదిలోని వేడిని పీల్చుకుంటుంది. గాలి కన్నా నీరు వేడిని మోయడంలో ఎంతో సమర్థమైనది కాబట్టి పెద్ద పెద్ద ఫ్యాన్ల అవసరం తగ్గుతుంది. రెండేళ్లపాటు కొలిచాక, నీటితో చల్లబడే భాగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు వాడిందని తేలింది. నిర్మాణ ఖర్చు కూడా పెరగలేదు. ఒక ప్రైవేటు సంస్థ తన సొంత ఖర్చుతో, పోలికకు వీలుగా భవనాన్ని రెండుగా చీల్చి కట్టి, ఫలితాన్ని బయటపెట్టడం అరుదు. నా దృష్టిలో ఏ ప్లాటినం పత్రం కన్నా ఈ ప్రయోగం విలువైనది.

ఇన్ఫోసిస్‌కు ఇది ఎలా సాధ్యమైంది? భవనం తనదే, కరెంటు బిల్లు కట్టేదీ తనే. అద్దె భవనాల్లో పరిస్థితి వేరు. మంచి అద్దం కోసం ఖర్చు పెట్టాల్సింది బిల్డరు. దానివల్ల బిల్లు తగ్గేది అద్దెకు దిగిన కంపెనీకి. తనకు లాభం లేని ఖర్చు బిల్డరు ఎందుకు పెడతాడు? రేటింగుల వల్ల అద్దె కాస్త పెరుగుతుందన్న ఆశ ఒక్కటే అతణ్ణి కదిలిస్తుంది. అందుకే పతకం ఎంత మెరిసినా చట్టం అవసరం తీరదు.

మీటరు, ఇల్లు

బ్యూరో 2009లో కార్యాలయ భవనాలకు నక్షత్రాల రేటింగు పెట్టింది. ఇది లీడ్ లాంటిది కాదు. గడిచిన ఏడాది అసలు బిల్లుల ఆధారంగా ఇచ్చేది. హైదరాబాద్ ఉన్న మిశ్రమ మండలంలో, సగానికి పైగా ఎయిర్ కండిషనింగ్ ఉన్న కార్యాలయం ఏడాదికి చదరపు మీటరుకు 190 నుంచి 165 యూనిట్లు వాడితే ఒక నక్షత్రం, 90 కన్నా తక్కువ వాడితే అయిదు. లెక్క సూటిగా ఉంది, మోసానికి తావు తక్కువ. అయితే ఇది ఐచ్ఛికం. దరఖాస్తు చేయని భవనం ఎంత వాడుతోందో జనానికి తెలియదు.

ఇళ్ల సంగతి ఇంకా వెనుకబడి ఉంది. 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ పేరుతో నివాస భవనాలకు ఒక నియమావళి వచ్చింది. గోడలు, కిటికీల గుండా దిగే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని అది అంటుంది. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 100 కిలోవాట్ల పైబడిన నివాస భవనాలను కూడా పరిధిలోకి తేవడానికి వీలు కల్పించింది. అంటే పెద్ద అపార్టుమెంట్లు లోపలికి వస్తాయి. మీ వీధిలో మేస్త్రీ కట్టే రెండంతస్తుల ఇల్లు రాదు. ఇక సిమెంటు, ఉక్కు, ఇటుకల తయారీలో వెలువడే ఉద్గారాల సంగతి ఈ నియమావళుల్లో ఇప్పుడిప్పుడే చోటు చేసుకుంటోంది.

తర్వాతి పాఠానికి వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంటి గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి యూనిట్లు కూడండి. ఇంటి విస్తీర్ణాన్ని చదరపు అడుగుల్లో తెలుసుకుని 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి. యూనిట్లను ఆ సంఖ్యతో భాగించండి. తర్వాత ఏప్రిల్, మే నెలల యూనిట్లను డిసెంబరు, జనవరి నెలలతో పోల్చి, తేడాను విడిగా రాయండి. మీ పైకప్పు ఎటువంటిదో, పడమటి గోడకు నీడ ఉందో లేదో దాని పక్కనే రాసి, కాంటాక్టు తరగతికి తీసుకురండి.